ఎండాకాలం పండ్లు, కూరగాయలు: ఏది ఎప్పుడు కొనాలి, ఎవరు ఎంత తినాలి

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. పిల్లలిద్దరూ పండంటే మొహం తిప్పుకుంటున్నారు. అత్తగారికి షుగర్, మామిడిపండు పెట్టాలంటే మీకు భయం. మార్కెట్లో అన్నీ కార్బైడ్ రసాయనం పెట్టి మగ్గబెట్టిన కాయలే అంటున్నారు. పుచ్చకాయలకి సిరంజితో రంగు ఎక్కిస్తున్నారని వాట్సాప్‌లో వీడియోలు వస్తున్నాయి. దాంతో హైదరాబాద్‌లో ఉండి ఎండాకాలంలో ఏం కొనాలో పాలుపోవడం లేదన్నారు. నేను ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరయ్యాను, మాది నూజివీడు వైపు, ఇంట్లో వంట కూడా సగం నాదే. తెలిసినంతలో చెబుతాను.

ముందుగా ఒక మాట. ఎండాకాలం అంతా ఒకే సీజన్ అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. మార్చిలో రుచిగా ఉండేది మే నెలలో ఉండదు, మే నెలలో రావాల్సింది మార్చిలో కొంటే చప్పగా ఉంటుంది. మార్కెట్ వాళ్లు మాత్రం ధర పలుకుతుందని అన్నీ ముందే దించేస్తారు. మీకు వస్తున్న ఇబ్బందుల్లో సగం, కార్బైడ్ భయంతో సహా, తొందరపడి కొనడం వల్ల వచ్చేవే.

మామిడి సంగతే చూడండి. ముందు వచ్చేది ఉత్తరాంధ్ర సువర్ణరేఖ, ఏప్రిల్‌లో. బంగినపల్లి, అదే మీ హైదరాబాద్ బేనిషాన్, మంచి కాయ ఏప్రిల్ చివర మొదలై మే అంతా ఉంటుంది. దీనికి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. చిన్నరసాలు, పెద్దరసాలు మే నడిమికి ఊపందుకుని జూన్‌లోకి సాగుతాయి. తోతాపురి, మేం కలెక్టర్ అంటాం, జూన్, జూలైల్లో వస్తుంది. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు ఎక్కువగా పోయేది అదే. నీలం అన్నిటికంటే చివర. ఊరిని బట్టి, ఆ ఏడు పూత ఎప్పుడొచ్చిందన్నదాన్ని బట్టి ఓ రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది. ఇప్పుడు ఆలోచించండి, మార్చి మొదట్లోనే బండి మీద పసుపు పచ్చగా మెరుస్తున్న బంగినపల్లి కనిపిస్తే, అది చెట్టు మీద ముదిరిన కాయేనా?

కార్బైడ్ గురించి జనంలో ఉన్న భయం నిజమే, కానీ గందరగోళం కూడా ఉంది. కాల్షియం కార్బైడ్‌కి తేమ తగిలితే ఎసిటిలీన్ గ్యాస్ వస్తుంది. అది తొక్కకు రంగు తెప్పిస్తుంది. లోపల కాయ మాత్రం సరిగ్గా పండదు. పైగా వాడేది పరిశ్రమల సరుకు, అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండొచ్చు. అందుకే ఆహార భద్రత నిబంధనలు దాన్ని నిషేధించాయి. ఇథిలీన్ సంగతి వేరు. పండు పండేటప్పుడు తనంతట తాను వదిలే వాయువే అది. కాయలు మగ్గబెట్టే గదుల్లో (రైపెనింగ్ ఛాంబర్లు) 100 పీపీఎం వరకు, అంటే గాలిలో పది లక్షల భాగాలకి వంద భాగాల వరకు, వాడటానికి అనుమతి ఉంది. కాబట్టి 'మగ్గబెట్టిన కాయ' అనగానే విషం అనుకోవక్కర్లేదు. మామిడిని ముదురు కాయగా కోసి మగ్గబెట్టుకోవడం మన తాతల నాటి నుంచీ ఉన్నదే. మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, కోసినప్పుడు కాయ ముదిరిందా లేదా అని.

ముదిరిన కాయని చూసి పట్టుకోవచ్చు. ముచ్చిక దగ్గర చూడండి. లేత కాయలో ముచ్చిక పైకి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది, భుజాలు జారి ఉంటాయి. ముదిరిన కాయలో రెండు పక్కలా భుజాలు ఉబ్బి, ముచ్చిక కాస్త గుంటలో కూర్చున్నట్టు ఉంటుంది. చేత్తో ఎత్తితే సైజుకి తగ్గ బరువు తెలుస్తుంది. పండిన కాయైతే ముచ్చిక దగ్గర వాసన చూడండి. రంగు నిండుగా ఉండి వాసన బొత్తిగా లేకపోతే నేనైతే ముట్టుకోను. కోశాక టెంక చుట్టూ గుజ్జు తెల్లగా, పుల్లగా ఉండి తొక్క మాత్రం పసుపు పచ్చగా మెరుస్తుంటే అది లేత కాయకు రంగు తెప్పించిన బాపతే. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. రసాల్లో కొన్ని లోపల తేనెలా పండినా పైన ఆకుపచ్చ వదలవు, వాటిని కాయలనుకుని జనం వదిలేసి వెళ్తుంటారు.

అన్నిటికంటే నిశ్చింత, ముదిరిన పచ్చికాయలు కొని ఇంట్లో మగ్గబెట్టుకోవడం. అట్టపెట్టెలో ఎండుగడ్డి దొరికితే గడ్డి, లేకపోతే నలిపిన న్యూస్‌పేపర్ పరిచి, కాయలు ఒకదానికొకటి ఒత్తుకోకుండా ముచ్చిక కిందకి పెట్టి సర్దండి. పైన గోనెసంచి కప్పండి. బియ్యం డబ్బాలో పెట్టినా సరే. రోజూ ఒకసారి తీసి చూసి మెత్తబడినవి ఏరుకోవాలి, ఒక్కటి కుళ్లితే పక్కవాటినీ పాడు చేస్తుంది. వారం లోపు చాలావరకు పండిపోతాయి. పచ్చికాయల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఆ చలికి కాయ దెబ్బతిని, బయటికి తీశాక తొక్క మీద మచ్చలొస్తాయి, సరిగ్గా పండదు. పండాక పెట్టుకోండి, రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది.

ఇక 'మామిడిపండు వేడి చేస్తుంది' అన్న మాట. మూతి పక్కన పుండ్లు, పెదాల మీద మంట, ముఖం మీద పొక్కులు, వీటన్నిటికీ మనవాళ్లు వేడి అని పేరు పెడతారు. మూతి దగ్గర వచ్చే మంటకి చాలాసార్లు కారణం సొన. ముచ్చిక తుంచినప్పుడు కారే ఆ జిగురు చర్మాన్ని కాలుస్తుంది, కొందరికి ఎలర్జీలా పొక్కులు వస్తాయి. పండ్లని ఓ గంట నీళ్లలో నానబెట్టి కడగమని పెద్దవాళ్లు చెప్పేది అందుకు బాగా పనికొస్తుంది, తొక్కమీద ఎండిన సొన పోతుంది. రసాలు పిల్లలకి ఇచ్చేటప్పుడు ముచ్చిక తుంచి మొదటి రెండు చుక్కలు పిండి పారేయండి. ఆ తర్వాతే నోటికి. మరీ ఎక్కువ తింటే విరేచనాలు పట్టుకుంటాయి, అది వేడీ కాదు చలవా కాదు, అతి.

పుచ్చకాయ వీడియోల గురించి ఎక్కువ చెప్పను. సిరంజితో గుచ్చి రంగు ఎక్కిస్తే అంత పెద్ద కాయంతా సమంగా పాకదు, గుచ్చిన చోట త్వరలోనే కుళ్లు మొదలవుతుంది. అమ్మేవాడికి అంత శ్రమ గిట్టుబాటు కూడా కాదు. అనుమానం తీరకపోతే కోసిన ముక్క మీద దూదితో రుద్దండి, దూదికి ముదురు ఎరుపు అంటుకుంటే వదిలేయండి. నాకు భయం వేరే దాని గురించి: రోడ్డు పక్కన కోసి ఉంచిన ముక్కలు, వాటి మీద ఈగలు, జ్యూస్‌లో వేసే ఐసు. ఆ ఐసు తాగే నీళ్లతో చేసిందో కాదో ఎవరికీ తెలియదు. ఎండల్లో కడుపు పాడై ఆస్పత్రికి వెళ్లేది ఎక్కువగా ఇలాంటి వాటి వల్లే. కాయ మొత్తంగా కొనండి, అడుగున నేలకి ఆనిన మచ్చ తెల్లగా కాకుండా మీగడ రంగులోనో పసుపు రంగులోనో ఉంటే తీగ మీద పండిందని లెక్క. కత్తి పెట్టే ముందు కాయ తొక్కంతా కడగండి, తొక్క మీది మట్టి కత్తితో పాటు లోపలికి పోతుంది. ఎర్ర గుజ్జు తిన్నాక మిగిలే తెల్లభాగం పారేయకండి. తురిమి నానిన బియ్యంతో రుబ్బితే దోసెలు మెత్తగా వస్తాయి, ముక్కలు కోసి పప్పులో వేసినా సొరకాయకి ఏం తీసిపోదు.

కర్బూజకి ఒకటే గుర్తు, వాసన. తొడిమ ఊడిన చోట తియ్యటి వాసన రావాలి. వాసన లేని కర్బూజ చక్కెర వేసుకుని తినడానికే.

తాటి ముంజలు ఏప్రిల్, మే నెలల్లో. మీ హైదరాబాద్ రోడ్ల మీద గెలలు పెట్టుకుని కూర్చుంటారు. ముందే ఒలిచి కవర్లో కట్టినవి వద్దు, కాయ మీ ఎదురుగా కొట్టించుకోండి. కాయలో మామూలుగా మూడు కళ్లు ఉంటాయి. కత్తి మొన పక్కనుంచి దింపి పైకి తిప్పితే ముంజ పగలకుండా రావాలి. వేలితో నొక్కితే లోపల నీళ్లు కదిలినట్టు తెలిసేది లేతది. గట్టిగా తెల్లబడ్డది ముదిరిపోయినట్టు, పిల్లలు తింటే కడుపునొప్పి అంటారు. పైన ఉండే గోధుమ రంగు పలచని పొర వగరు, పిల్లలకి ఒలిచి పెట్టండి. ఆ రోజువి ఆ రోజే తినేయాలి. షుగర్ ఉన్నవాళ్లకి కూడా ఈ సీజన్లో ఇంత సులువైన పండు ఇంకోటి లేదు, అందులో ఉండేది ఎక్కువగా నీళ్లే. ఈతపండ్లు మే, జూన్‌లలో వస్తాయి, ఊళ్లకి వెళ్లినప్పుడు దొరికితే వదలకండి.

ఇంతవరకూ పండ్ల గురించే మాట్లాడాను, మీరూ పండ్ల గురించే అడిగారు. కానీ ఎండాకాలంలో మన ఒంటిని కాపాడేవి కూరగాయలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని ఉంది. మన ఇళ్లలో మే నెలలో ఈ లెక్క తలకిందులవుతుంది. పూటకి రెండు మామిడిపండ్లు లాగించి, ఆవకాయ అన్నంతో సరిపెట్టి, కూర సంగతి మర్చిపోతారు. (ఆవకాయని తప్పుపడితే మా ఇంట్లోనే నన్ను వెలేస్తారు, కాబట్టి దాని జోలికి పోను.)

కూరగాయల్లో సీజన్ గుర్తించడం ఇంకా తేలిక. కాలీఫ్లవర్, క్యాబేజీ, క్యారట్, పచ్చిబఠాణీ, ఇవి చలికాలం సరుకు. మే నెలలో దొరుకుతాయి కానీ దూరం నుంచో కోల్డ్ స్టోరేజీ నుంచో వచ్చినవి, ధర ఎక్కువ, రుచి తక్కువ. టమాటా కూడా ఎండ ముదిరితే పూత రాల్చేస్తుంది. అందుకే ఏటా వేసవి దాటేసరికి దాని ధర అందరికీ టెన్షన్ తెప్పిస్తుంది. ఎండకి ఇష్టంగా కాసేవి సొర, బీర, పొట్ల, దోస, బెండ, గోరుచిక్కుడు, మునగ. ఆకుకూరల్లో తోటకూర, బచ్చలి, గంగవాయిలి. రైతుబజారుకి ఉదయాన్నే వెళ్తే ఇవి కోసిన రోజువే దొరుకుతాయి.

మరి టమాటా లేకుండా పులుపెలా అంటారా? మన వంటకి పులుపు ఏ నెలలో ఎక్కడినుంచి రావాలో చెట్లే ఏర్పాటు చేసిపెట్టాయి. ఉగాది నుంచి పచ్చిమామిడి, ఆ వెంటే చింతచిగురు, ఆపైన ఎప్పుడూ ఉండే గోంగూర. విటమిన్ సి పండిన మామిడిలో కంటే పచ్చికాయలోనే ఎక్కువ. అందులో ఏప్రిల్ కాయ పులుపు వేరు. మామిడికాయ పప్పు చాలామంది కుక్కర్లో అన్నీ కలిపి పడేస్తారు, పప్పు పలుకు మిగిలిపోయిందని వాపోతారు. పులుపు తగిలితే కందిపప్పు సరిగ్గా మెత్తబడదు. పప్పుని విడిగా ఉడికించి, అది మెత్తబడ్డాక, తొక్కతోనే కోసిన మామిడి ముక్కలు, చీల్చిన పచ్చిమిర్చి, పసుపు వేసి ముక్క విరిగేంత వరకే ఉంచండి. ముక్క కరిగిపోకూడదు, పళ్ల కింద తగలాలి. ఉప్పు వేసి, ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కరివేపాకుతో పోపు. పోపులో ఇంగువ వేస్తే వెల్లుల్లి తగ్గించండి, రెండూ గట్టిగా ఉంటే మామిడి వాసన చచ్చిపోతుంది. చింతచిగురు పప్పుకీ ఇదే పద్ధతి, కాకపోతే చిగురుని అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరేసి, చివర్లో వేయాలి.

దోసకాయ, సొరకాయ దగ్గర ఒక జాగ్రత్త ఉంది. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఈ జాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. నీళ్లు అందక, ఎండకి ఒత్తిడి పడ్డ తీగల్లో అది పెరుగుతుంది. తొడిమ వైపు చేదు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ చివర చిన్న ముక్క కోసి నాలుకకి తగిలించి చూడండి. చేదు తగిలితే కాయ మొత్తం పారేయండి, ఉప్పు వేసి పిండితేనో ఉడికిస్తేనో పోతుందని నమ్మకండి. పొద్దున్నే సొరకాయ రసం తాగే అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్త. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం కూడా చేదుగా ఉన్న రసం తాగొద్దని హెచ్చరించింది. కాకరకాయ చేదు వేరు, దాంతో దీన్ని పోల్చుకోవద్దు.

చేదు లేని మంచి దోసకాయ దొరికితే వండకండి. పచ్చి ముక్కలు చిన్నగా కోసి, వేయించిన ఎండుమిర్చి, మినప్పప్పు, ఆవాలు, కాస్త చింతపండు దంచి కలిపితే ముక్కల పచ్చడి. ఎండలో అన్నం సహించని రోజున ఇది ఉంటే పళ్లెం ఖాళీ అవుతుంది. సొరకాయతో మజ్జిగ పులుసు, పొట్లకాయతో పెరుగు పచ్చడి, బీరకాయతో పప్పు, తీసిన తొక్కతో పచ్చడి, వారం గడిచిపోతుంది.

మజ్జిగ మాటెత్తాను కాబట్టి ఇంకొకటి. చెమటలో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. పండ్లలో నీళ్లుంటాయి, పొటాషియం ఉంటుంది, సోడియం మాత్రం నామమాత్రమే. అందుకని ఎండలో తిరిగొచ్చినవాళ్లకి పుచ్చకాయ ఒక్కటే పెడితే చాలదు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మకాయ నీళ్లు, ఉప్పేసిన రాగి జావ, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. బీపీకి ఉప్పు తగ్గించమన్నవాళ్లు డాక్టర్ని అడిగి తాగండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతున్నట్టుంటే అది వడదెబ్బ. అప్పుడు పండ్లరసాల ప్రయోగాలు వద్దు, నీడకి చేర్చి ఒళ్లు తడుపుతూ 108కి ఫోన్ చేయండి.

మీ అత్తగారి సంగతికి వస్తాను. మామిడిపండు పూర్తిగా మానేయాల్సిన అవసరం చాలామంది షుగర్ ఉన్నవాళ్లకి ఉండదు, షుగర్ అదుపులో ఉంటే. 100 గ్రాముల మామిడి గుజ్జులో పిండిపదార్థం దాదాపు 15 గ్రాములు, అంటే ఒక మామూలు పుల్కాతో సమానం. తకరారు ఎక్కడంటే, మనం మామిడిపండుని పెరుగన్నంలో నంజుకుంటాం. అన్నం ఎంత ఉండాలో అంతా ఉంటుంది, దాని మీద పండు అదనం. అత్తగారికి అన్నం ఒక గరిట తగ్గించి, బంగినపల్లి నాలుగైదు ముక్కలు పెట్టండి, లేదంటే భోజనంతో కాకుండా సాయంత్రం విడిగా ఇవ్వండి. రసాలకంటే ముక్కలే నయం, రసమైతే రెండు కాయలు ఎప్పుడు లోపలికి పోయాయో తెలియదు. జ్యూస్ అసలు వద్దు. గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకి చూడండి, ఆమెకి ఎంత పడుతుందో ఆ అంకే చెబుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే డాక్టర్‌తో ముందే మాట్లాడండి. కిడ్నీ సమస్య కూడా ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు. వాళ్లు కొబ్బరినీళ్లు, మామిడి, కర్బూజ లాంటివి పొటాషియం చూసుకుని, అడిగి మరీ తినాలి.

పిల్లలకి పండు తినమని వెంటపడితే తినరు. ఆడుకుని చెమటతో ఇంట్లోకి వచ్చే సమయానికి చల్లటి కర్బూజ ముక్కలు, ఒలిచిన ముంజలు బల్లమీద ఉంచి, బిస్కెట్ డబ్బా కనపడకుండా పెట్టండి. పచ్చిమామిడి, కీరా ముక్కల మీద ఉప్పూకారం చల్లితే తినని పిల్లల్ని నేను చూడలేదు. చిన్నరసం ఎలా తినాలో పక్కన కూర్చుని చూపించండి: రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తూ లోపల మెత్తబడేదాకా పిసకడం, ముచ్చిక తుంచడం, మొదటి చుక్కలు పారబోయడం, తర్వాత పీల్చడం. పాత చొక్కా వేసి, బాల్కనీలోనో పెరట్లోనో కూర్చోబెట్టండి, మరక పోదు. మిల్క్‌షేక్ మాత్రం రోజూ అలవాటు చేయకండి. చక్కెర, ఐస్‌క్రీమ్ వేశాక అది పండు కింద లెక్క కాదు.

చివరగా ఫ్రిజ్ సంగతి. కోసిన పుచ్చకాయ, కర్బూజ మూత ఉన్న డబ్బాలో పెట్టి మర్నాటికల్లా తినేయండి. కోసినవి బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, మే నెల ఎండల్లో గంటే ఎక్కువ. కరెంటు పోయి ఫ్రిజ్ సగం రోజు ఆగిపోతే ఆ ముక్కల మీద ఆశ వదిలేసుకోవడమే.